అవతలివారికే వినబడే లోపం: కారు స్టీరియో మైకు వైరుకు దారి వేయడం

విజయవాడ ఆటోనగర్‌లో గానీ, గుంటూరులోని కార్ డెకార్స్ దుకాణాల్లో గానీ కొత్త స్టీరియో బిగించుకున్న కారు యజమాని అక్కడికక్కడే సరిచూసుకునేవి కొన్ని ఉంటాయి. నాలుగు స్పీకర్లూ మోగుతున్నాయా, రివర్స్ కెమెరా బొమ్మ వస్తోందా, స్టీరింగ్ మీది బటన్లు పనిచేస్తున్నాయా అని చూస్తాడు. తెలిసిన పాట ఒకటి పెట్టించి, బేస్ పెంచి విని, తృప్తిపడి డబ్బు ఇచ్చేస్తాడు. స్టీరియో బ్లూటూత్ ద్వారా మాట్లాడే ఫోను సంగతి మాత్రం రెండు మూడు రోజుల తరువాత, ఇంటినుంచో ఆఫీసునుంచో "నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది, ఒక్క ముక్క అర్థం కావడం లేదు" అని ఎవరో అన్నప్పుడు గాని బయటపడదు. అప్పుడైనా తప్పు సిగ్నల్ మీదికో, ఫోను మీదికో పోతుంది తప్ప, డాష్‌బోర్డు వెనక ఎవరికీ కనబడకుండా పడి ఉన్న సన్నని వైరు మీదికి పోదు.

హ్యాండ్స్‌ఫ్రీ మైకుకు సంబంధించిన అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్పీకరు బొంగురుపోతే కారులో కూర్చున్నవారికి ఆ క్షణమే తెలుస్తుంది. మైకు లోపం కారులో ఉన్నవారికి ఎన్నడూ వినబడదు, మరో ఊళ్లో మరో చెవికి వినబడుతుంది. ఫిట్టింగ్ చేసినవాడికీ, చేయించుకున్నవాడికీ వినబడని లోపం గనుకనే ఈ వైరు పనిలో ఎప్పుడూ ఆఖరు వంతుకు మిగిలిపోతుంది. స్టీరియో కప్లర్లన్నీ, అంటే వైర్లు కలిపే ప్లగ్గులన్నీ, కలిపి, ఫ్రేములోకి నెట్టే ముందు, పెట్టె అడుగున మిగిలిన మైకును బయటికి తీసి, చేతికి దొరికిన సందులోంచి వైరును లాగి, స్టీరింగ్ కాలమ్ మీదో స్టీరియో పక్కనో అంటించేయడం మామూలైపోయింది. జరగవలసిన క్రమం దీనికి సరిగ్గా తలకిందులు. పాత స్టీరియో ఊడదీసి డాష్‌బోర్డు ఖాళీగా ఉన్నప్పుడే మైకు ఎక్కడ కూర్చోవాలి, వైరు ఏ దారిన రావాలి అన్నవి తేలిపోవాలి. స్టీరియో లోపలికి జారాక తేల్చగలిగింది చాలా తక్కువ.

ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల ప్రకారం మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్, బండి నడుపుతూ చేత్తో పట్టుకునే ఫోను వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద లెక్కగడుతుంది. తొలిసారి తప్పుకు రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. మైకు సరిగా పనిచేయని కారులో డ్రైవరు రెండుసార్లు "ఆఁ... వినబడుతోందా?" అని అరిచి, మూడోసారి బ్లూటూత్ ఆపి ఫోను చెవి దగ్గర పెట్టుకుంటాడు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు చుట్టూ ఉన్న కార్లలోకి ఒకసారి చూస్తే, బ్లూటూత్ స్టీరియో ఉన్న కార్లలో కూడా ఫోను చెవికి ఆనించుకున్నవారు కనబడటానికి ఇదీ ఒక కారణమే.

ఈ వైరు మిగతా వైర్లలాంటిది కాదని గ్రహిస్తే దారి విషయంలో అంత పట్టింపు ఎందుకో తెలుస్తుంది. కార్లలో వాడే మైకులు ఎక్కువగా ఎలెక్ట్రెట్ రకానివి. చిటికెన వేలి గోరంత గుళిక, దానికి ప్రాణం పోయడానికి స్టీరియోనుంచి అదే వైరు గుండా వచ్చే ఒకటి రెండు వోల్టుల స్వల్ప విద్యుత్తు. అరమీటరు దూరం నుంచి మామూలు గొంతుతో మాట్లాడితే అది పుట్టించే సంకేతం ఒక మిల్లీవోల్టుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు విద్యుత్తు సుమారు 14 వోల్టులు. అందులో పదివేలవ వంతు హెచ్చుతగ్గు వచ్చి మైకు వైరులో చేరినా అది 1.4 మిల్లీవోల్టులు, అంటే మాటకన్నా పెద్దది. స్పీకరు వైరులో వోల్టుల లెక్కన సంకేతం పోతుంది గనుక అదే రొద అందులో చేరినా చెవికి ఆనదు. అందుచేత స్పీకరు వైరు ఏ కట్టలో కలిపినా నడుస్తుంది. మైకు వైరును అదే కట్టలో కలిపితే నడవదు. మైకు వైరు మీద అల్లిన రాగి పోగుల తొడుగు, అంటే షీల్డు, కొంతవరకు కాపాడుతుంది. అయితే చవక మైకుల్లో ఆ తొడుగు పలచగా ఉంటుంది, కొన్నింటిలో పేరుకే ఉంటుంది.

దారికన్నా ముందు తేలవలసింది గమ్యం. శబ్దానికి ఒక మొండి నియమం ఉంది: నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే నేరుగా చేరే మాట బలం 6 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే సంకేతం సగానికి తగ్గుతుంది. టైర్ల రొద, ఏసీ హోరు మాత్రం కారులో ఎక్కడ పెట్టినా దాదాపు ఒకే మోతాదులో వినబడతాయి. కాబట్టి 40 సెంటీమీటర్ల దూరంలో పిల్లర్, అంటే ముందు అద్దం పక్కన పైకప్పును మోసే స్తంభం, పైభాగాన ఉన్న మైకును 80 సెంటీమీటర్ల దూరంలోని స్టీరియో ముఖం మీదికి మారిస్తే మాట సగమై, రొద అలాగే మిగులుతుంది. తరువాత స్టీరియోలో మైకు గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే మోతాదు, ఎంత పెంచినా రెండూ కలిసే పెరుగుతాయి; పోయిన నిష్పత్తి వెనక్కి రాదు.

చాలా ఆండ్రాయిడ్ స్టీరియోలకు ముందు పలక మీదే సూది బెజ్జమంత రంధ్రం వెనక ఒక మైకు ఉంటుంది. "లోపలే మైకు ఉంది, బయటిది ఎందుకు?" అన్న మాట దుకాణాల్లో తరచూ వినబడేది దీన్ని చూసే. ఆ రంధ్రం ఉన్నచోటు చూస్తే జవాబు దొరుకుతుంది. చాలా కార్లలో స్టీరియో స్థానం నడిమి ఏసీ వెంట్ల మధ్యనో, వాటికి జానెడు కిందనో ఉంటుంది. మార్చి వచ్చిందంటే విజయవాడలో బ్లోయరు మూడో నంబరు కిందికి దిగదు. ఆ గాలి తాకిడికి మైకు పొర మీద పుట్టే గుబగుబ శబ్దం మాటను పూర్తిగా మింగేస్తుంది. బయటి మైకు తగిలించినా లోపలి మైకు కూడా పనిచేస్తూనే ఉండే స్టీరియోలు కొన్ని ఉన్నాయి. అప్పుడు ఒకే మాట రెండు వేర్వేరు దూరాలనుంచి క్షణంలో అతిచిన్న వంతు తేడాతో చేరి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు తయారవుతుంది. బయటి మైకు పెట్టే పక్షంలో సెట్టింగుల్లో లోపలిది ఆపే వీలుందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే దాని కప్లర్‌ను లోపలే విడదీయాలి.

మైకు కూర్చోదగిన చోట్లు కారులో మూడు నాలుగుకు మించి లేవు. స్టీరింగ్ కాలమ్ పైకప్పు నోటికి దగ్గరే, వైరు కూడా పొట్టిదే. అందుకే తొందరలో ఉన్న ఫిట్టర్లకు అది మొదటి ఎంపిక. కానీ అక్కడ మైకు ముందు స్టీరింగ్ చక్రం, దాని మీద చేతులు అడ్డం. కుడివైపు వెంటు గాలి నేరుగా తగులుతుంది. టిల్ట్ స్టీరింగ్ ఉన్న కార్లలో కాలమ్ పైకీ కిందికీ కదులుతుంది గనుక వైరుకు తగినంత వదులు లేకపోతే కొన్ని నెలలకే మొదలు దగ్గర తెగుతుంది. ఎండ పలక, అంటే సన్ వైజర్, క్లిప్పు దగ్గర పెడితే దూరం బాగానే ఉంటుంది. పడమటి ఎండకు పలక దించిన ప్రతిసారీ మైకు దాని వెనక దాక్కుంటుంది. గుంటూరు వైపునుంచి సాయంత్రంపూట ఇంటికి వచ్చేవారికన్నా, సాయంత్రం హైదరాబాదు రోడ్డు ఎక్కేవారికి ఇది బాగా అనుభవంలోకి వస్తుంది. మిగిలినవి రెండు: డ్రైవరు వైపు ముందు పిల్లర్ పైకొన, నడిమి అద్దం దగ్గర రూఫ్ లైనింగ్ అంచు. కంపెనీనుంచే హ్యాండ్స్‌ఫ్రీతో వచ్చే కార్లలో మైకు ఎక్కువగా పైకప్పు లైటు చుట్టుపక్కల ఉండటం ఊరికే కాదు. గాలి తగలదు, చేతులు అడ్డం రావు, పక్క సీటులో ఉన్నవారి మాట కూడా కొంతవరకు అందుతుంది. అద్దం వెనక డ్రైవరు సహాయక కెమెరా గానీ వాన సెన్సరు గానీ ఉన్న కార్లలో మాత్రం వాటి చూపుకు మైకు గానీ వైరు గానీ అడ్డం రాకూడదు.

పిల్లర్ దగ్గర పెట్టేటప్పుడు మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. ట్వీటర్లు, అంటే సన్న స్వరాలు పలికే చిన్న స్పీకర్లు, చాలా కార్లలో సరిగ్గా అక్కడే, అద్దం మూలలోనో పిల్లర్ కిందిభాగంలోనో ఉంటాయి. అవతలివారి మాట ట్వీటరులో మోగి, జానెడు దూరంలోని మైకులో పడి, తిరిగి వారికే ప్రతిధ్వనిగా వెళుతుంది. స్టీరియో లోపల ఈ ప్రతిధ్వనిని తీసేసే ఏర్పాటు ఉన్నా, స్పీకరు మోత మైకుకు మాటకన్నా గట్టిగా వినబడినప్పుడు దానికీ చేతగాదు. తన మాటే తనకు వినబడుతున్న మనిషి నాలుగు వాక్యాలకే తడబడి ఫోను పెట్టేస్తాడు. ట్వీటరు పిల్లర్‌లో ఉంటే మైకు పైకొనకు గానీ అద్దం దగ్గరికి గానీ పోవడమే మేలు.

ఇక దారి. మన కార్లలో డ్రైవరు కుడివైపు ఉంటాడు గనుక స్టీరియోనుంచి కుడివైపు పిల్లర్‌కు పోవడం సహజంగా తోచే దారి. దూరం తక్కువ, స్టీరియోనుంచి పిల్లర్ మొదలుకు ముప్పావు మీటరు, పిల్లర్ మీదుగా పైకి మరో ముప్పావు నుంచి మీటరు, అక్కడినుంచి అద్దం దాకా పోతే ఇంకో అరమీటరు పైచిలుకు. మైకుతో వచ్చే మూడు మీటర్ల వైరు మామూలు హ్యాచ్‌బ్యాక్‌లకు సరిపోయి మిగులుతుంది. చిక్కేమిటంటే డాష్‌బోర్డు కుడి సగంలోనే స్టీరింగ్ కాలమ్, పెడల్స్, చాలా కార్లలో లోపలి ఫ్యూజు పెట్టె, తలుపుల వైపు పోయే లావుపాటి వైర్ల కట్ట అన్నీ ఉంటాయి. వైరు కొంచెం జారినా బ్రేకు పెడల్ చేతికి చుట్టుకునే అవకాశం ఉన్న దారి ఇది. కాలమ్ కింద కాకుండా, ఇన్‌స్ట్రుమెంట్ మీటరు వెనక ఉండే అడ్డ ఇనుప దూలాన్ని ఆసరాగా చేసుకుని పైఎత్తున తీసుకుపోవాలి, ప్రతి జానెడుకూ ఒక కట్టు వేయాలి. పెడల్స్ పైన వదులుగా వేలాడే వైరు, అది మైకుదైనా మరేదైనా, పని పూర్తి కాలేదనే చెబుతుంది.

ఎడమ దారి చుట్టుదారిలా కనిపించినా తరచూ అదే మెరుగు. గ్లౌ బాక్సు రెండు వైపులా నొక్కితే కిందికి వాలిపోతుంది. వెనక చేయి పట్టేంత చోటు. పెడల్స్ లేవు, కదిలే కాలమ్ లేదు. అక్కడినుంచి ఎడమ పిల్లర్ ఎక్కి, రూఫ్ లైనింగ్ అంచులో వేలితో దోపుకుంటూ అద్దం దాకా వస్తే, డ్రైవరు ముందు ఒక్క ప్లాస్టిక్ ముక్క కూడా ఊడదీయనక్కరలేదు. ఈ దారిలో జాగ్రత్త పడవలసింది బ్లోయరు మోటారు గురించి. కుడి స్టీరింగ్ కార్లలో అది ఎక్కువగా గ్లౌ బాక్సు వెనకే ఉంటుంది. దాని వైర్ల కట్టను తప్పించి పైనుంచి పోతే సరి. రెండు దారుల్లో ఏది మంచిదన్నది కారును బట్టి మారుతుంది. కానీ ఎడమ దారి ఉందన్న సంగతే చాలామంది ఫిట్టర్లు ఆలోచించరు; వైరు పొడవు సరిపోదేమోనన్న అనుమానంతో వదిలేస్తారు. వైరును కారు బయటే పరిచి, టేపుతో కొలిచి చూస్తే ఆ అనుమానం రెండు నిమిషాల్లో తీరిపోతుంది.

పిల్లర్ ప్లాస్టిక్‌ను ఊడదీసే ముందు దాని మీద ఏమి రాసి ఉందో చదవడం అన్నిటికన్నా ముఖ్యం. ఎస్ఆర్ఎస్ అనో, ఎయిర్‌బ్యాగ్ అనో అచ్చు ఉంటే ఆ పిల్లర్ నుంచి పైకప్పు అంచు వెంట వెనక పిల్లర్ దాకా మడతపెట్టిన కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందని అర్థం. పాత ఆల్టో, వాగన్ఆర్ లాంటి బండ్లలో ఈ బెడద లేదు. మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలైనుంచి తప్పనిసరి అయింది. కర్టెన్ బ్యాగులను చట్టం ఇంకా అందరికీ తప్పనిసరి చేయకపోయినా, 2023 అక్టోబరులో కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలైన కాలంనుంచి చిన్న కార్లలో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు రావడం బాగా పెరిగింది. అంటే పదేళ్లుగా ఆల్టోలకు, ఇండికాలకు అలవాటుపడిన చేయి, ఇప్పుడు అదే ఒడుపుతో కొత్త కారు పిల్లర్‌ను పట్టి లాగుతోంది. ఈ పనిలో నిజమైన ప్రమాదం ఏదైనా ఉంటే అది ఇదే.

కర్టెన్ బ్యాగు కనురెప్ప వాల్చే లోపే రూఫ్ లైనింగ్ అంచును తోసుకుని కిందికి విచ్చుకుంటుంది. దాని ముందు నుంచి, అంటే బ్యాగుకూ ప్లాస్టిక్‌కూ మధ్యనుంచి మైకు వైరు అడ్డంగా పోతే రెండు కీడులు: బ్యాగు విచ్చుకోవలసిన తీరు మారవచ్చు; వైరుతో పాటు మైకు గుళిక విసురుగా ముఖం మీదికి రావచ్చు. వైరు ఎప్పుడూ బ్యాగుకు వెనకగా, బాడీ రేకు వైపునుంచి పోవాలి. బ్యాగు గొట్టానికి గానీ, దాని బ్రాకెట్లకు గానీ, పసుపు రంగు కప్లరు ఉన్న దాని వైర్లకు గానీ జిప్ టై వేసి మైకు వైరును కట్టకూడదు. కంపెనీవాళ్లే అదే పిల్లర్ గుండా పైకప్పు లైటుకు వేసిన కట్ట ఒకటి ఉంటుంది. దానిని అనుసరించి, గుడ్డ టేపుతో దానికే చుడితే దారి తప్పే ప్రశ్న ఉండదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి, కారు పుస్తకంలో చెప్పినంతసేపు, మామూలుగా ఒకటి నుంచి మూడు నిమిషాలు, ఆగడం తప్పనిసరి. పైన మైకుకు చోటు చూసేటప్పుడు కూడా బ్యాగు విచ్చుకునే అంచును వదిలి, అద్దం వైపుకు జరగడమే క్షేమం. సన్‌రూఫ్ ఉన్న కార్లలో ఇదే పిల్లర్ గుండా నీరు కిందికి పోయే సన్న గొట్టం కూడా దిగుతుంది. వైరుకు చోటు చేయబోయి దాన్ని నొక్కేస్తే ఆషాఢంలో కాళ్ల కింద కార్పెట్ తడుస్తుంది.

వైరుకు తోడు ప్రయాణించేవేమిటో చూడటం తరువాతి మెట్టు. బ్యాటరీనుంచి ఆంప్లిఫయరుకు పోయే లావు ఎర్ర వైరు పక్కనే మైకు వైరును మీటరు దూరం నడిపించడం కన్నా పెద్ద తప్పు లేదు. అవి కలవక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. పక్కపక్కన సమాంతరంగా పోనివ్వకూడదు. ఈ మధ్య కొత్తగా చేరిన తోడు డాష్‌క్యామ్. దాని వైరు కూడా అదే పిల్లర్, అదే లైనింగ్ అంచు, అదే అద్దం దగ్గరికి పోతుంది. 12 వోల్టులను 5 వోల్టులుగా మార్చే చార్జరు, చవకదైతే మరీను, తన వైరునే యాంటెన్నాగా చేసుకుని రొదను వెదజల్లుతుంది. డాష్‌క్యామ్ వైరు ఒక పిల్లర్‌నుంచి పోతే మైకు వైరు రెండో పిల్లర్‌నుంచి పోవాలి. ఒకే దారిలో పోక తప్పకపోతే రెండింటి మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి.

వైరు పొడవు చాలక మధ్యలో కోసి అతికినప్పుడు వచ్చే తంటాలు వేరు. లోపలి తీగను లోపలి తీగతో, షీల్డును షీల్డుతో కలపకుండా రెండూ తారుమారు చేస్తే ఎలెక్ట్రెట్ గుళిక పలకదు. సరిగా కలిపినా అతుకు దగ్గర షీల్డు తెరుచుకుని అంగుళం మేర నగ్నంగా మిగిలితే, రొద లోపలికి రావడానికి ఆ కిటికీ చాలు. కోసి అతికేకన్నా 3.5 మి.మీ. ప్లగ్గున్న షీల్డెడ్ పొడిగింపు వైరు కొనడం నయం. స్టీరియో మైకు సాకెట్ 3.5 మి.మీ. అవునా, పాత మోడళ్లలో కొన్నింటిలా 2.5 మి.మీ. నా, ప్లగ్గు ఒంటి సంకేతపు మోనో రకమా, జంట సంకేతపు స్టీరియో రకమా అన్నది కొనకముందే చూసుకోవాలి. లోహపు గుళిక గానీ షీల్డు గానీ పిల్లర్ లోపలి బాడీ రేకుకు తగలకూడదన్నది మరో జాగ్రత్త. షీల్డుకు ఎర్త్ స్టీరియో వైపునుంచి ఒక్కచోటే దొరకాలి. రెండోచోట బాడీకి తగిలితే రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న స్వల్పమైన తేడా వలయంగా తిరిగి, ఇంజిన్ కూతను మాటలో కలుపుతుంది.

రొద వచ్చాక దాని మూలాన్ని కనిపెట్టడానికి పరికరాలు అక్కరలేదు. అవతల ఓపికగా వినే మనిషి ఒకడు చాలు. ఇంజిన్ వేగం పెంచిన కొద్దీ కూత సన్నబడుతూ పైకి పోతే అది ఇంజిన్‌తో తిరిగి విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటరుది, అంటే ఎర్త్ లోపమో, పవరు వైరు పక్కన నడిచిన దారో కారణం. ఇంజిన్‌తో సంబంధం లేకుండా ఒకే తీరున జుయ్యిమంటూ, ఏసీ ఆపితే ఆగిపోతే బ్లోయరు మోటారు. డాష్‌క్యామ్ ప్లగ్గు పీకితే ఆగితే దాని చార్జరు. మాట మధ్యలో టకటకమంటూ తెరలుతెరలుగా బుర్రుమంటే అది ఫోనే. 2జీ సిగ్నల్ మీద ఉన్న ఫోను సెకనుకు 217 సార్లు చొప్పున పంపే తుంపుల జాడ అది. ఫోను పెట్టుకునే స్టాండును మైకు వైరునుంచి దూరం జరిపితే పోతుంది. వీటిలో ఏదీ కాదనిపిస్తే, మాట నడుస్తుండగానే మైకు ప్లగ్గును స్టీరియోనుంచి పీకి చూడాలి. రొద అప్పుడూ పోకపోతే అది వైరుది కాదు, స్టీరియో ఎర్త్‌దో పవరుదో. పోతే, మైకును తిరిగి తగిలించి, వైరును డాష్‌బోర్డు బయటనుంచి సీటు మీదుగా గాలిలో వదిలి మళ్లీ వినిపించాలి. ఇప్పుడు మాట నిర్మలంగా ఉంటే మైకులో దోషం లేదు. దోషమంతా దారిలోనే ఉంది. కొత్త మైకుకు డబ్బు పెట్టకముందు ఈ చివరి పరీక్ష ఒక్కటి చేసినా చాలు.

మిగిలిన వైరు సంగతి చిన్నదే కానీ స్టీరియోను ఇబ్బంది పెట్టేది తరచూ అదే. మీటరు వైరు మిగిలితే దాన్ని చుట్ట చుట్టి స్టీరియో వెనక తోసేస్తారు. డబుల్ డిన్, అంటే మామూలుకు రెండింతల ఎత్తున్న, స్టీరియో వెనక ఉన్న చోటు కప్లర్లకే చాలదు. చుట్ట అడ్డుపడి స్టీరియో పూర్తిగా లోపలికి పోక, ఫ్రేము అంచు ఒక నూలు పైకి లేచి ఉంటుంది. బలంగా నెడితే చుట్ట పోయి స్టీరియో వెనక కాగే అల్యూమినియం హీట్ సింక్‌కు ఆనుతుంది. మిగిలిన వైరును గ్లౌ బాక్సు వెనకకు తీసుకుపోయి, ఒత్తుగా కాకుండా అరచేతి పొడవున మడతలు వేసి, పలుచని ఫోమ్ చుట్టి కట్టేయాలి. ఫోమ్ లేకుంటే గతుకుల్లో వైరు ప్లాస్టిక్‌కు తగిలి టకటకలాడుతుంది. ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో వెతకడానికి డాష్‌బోర్డంతా మళ్లీ విప్పవలసి వస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆరుబయట నిలిపిన కారు డాష్‌బోర్డు ఆ ఎండకు 70 డిగ్రీల దాకా కాగుతుంది. కృష్ణా తీరపు ఉక్క దానికి తోడు. నల్లటి పీవీసీ ఇన్సులేషన్ టేపు జిగురు ఆ వేడికి కరిగి, వైర్లన్నిటికీ తారులా అంటుకుని, కట్టు మాత్రం ఊడిపోతుంది. కంపెనీ కట్టల మీద కనబడే గుడ్డ టేపు ఖరీదు కాస్త ఎక్కువైనా ఏళ్ల తరబడి నిలుస్తుంది. మైకు వెనక అంటించే రెండు వైపుల జిగురు టేపు కూడా ఇంతే. అంటించేచోట డాష్‌బోర్డు పాలిష్ జిడ్డును స్పిరిట్‌తో తుడవకుండా అంటిస్తే మొదటి వేసవి దాటదు. అందుకే మైకును క్లిప్పుతో పట్టించగలిగిన చోటే మంచి చోటు. అన్నట్టు, ఒక వైపునుంచే మాట వినే రకం గుళికలకు వెనక కూడా రంధ్రం ఉంటుంది. టేపుతో ఆ వెనక రంధ్రం మూసేస్తే దాని ఏకదిశ గుణం పోయి, కారు మొత్తం రొద వినడం మొదలుపెడుతుంది.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా గొంతు ఎదురుగా మాట్లాడినట్టు ఉండదన్నది ఒప్పుకోవలసిందే. బ్లూటూత్ హ్యాండ్స్‌ఫ్రీ పాత పద్ధతిలో 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మాటను మోస్తుంది. 2011లో వచ్చిన 1.6 రూపం దాన్ని సుమారు 7,000 హెర్ట్జ్‌కు పెంచింది, అయితే స్టీరియో, ఫోను రెండూ దానికి ఒప్పుకుంటేనే. స, శ, ష ల మధ్య తేడాలో ఎక్కువ భాగం పై స్థాయిల్లోనే ఉంటుంది గనుక పాత పద్ధతిలో అవి ఎలాగూ కలిసిపోతాయి. మైకు దగ్గరగా, రొద లేకుండా ఉంటే వినేవారు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు. రొద కలిస్తే ఆ పోలిక కూడా దొరకదు.

బ్యాటరీ తిరిగి సరిగా బిగించి, పిల్లర్ ప్లాస్టిక్ మూయకముందే పరీక్ష జరగాలి. ఏసీ ఆపి ఒకసారి, మూడో నంబరులో ఒకసారి నిలబడి ఉన్న కారులోనే మాట్లాడి, అవతలి ఫోనులో ఆ కాల్ రికార్డు చేయించుకుని, వచ్చి స్వయంగా వినడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. కారులో ఉన్నవారికి వినబడని లోపాన్ని వినిపించే ఉపాయం అదొక్కటే. ఆపైన ఊడదీసిన ప్లాస్టిక్‌ను తాత్కాలికంగా నిలిపి, మంగళగిరి దాకా హైవే మీద పోయి రావచ్చు. 80 కిలోమీటర్ల వేగంలో లారీల పక్కన కూడా మాట తెలిస్తే మైకు చోటు కుదిరినట్టే. గెయిన్ సర్దుబాటు, ప్రతిధ్వని తగ్గింపు స్థాయి ఆ తరువాతే ముట్టుకోవాలి.

మూసేటప్పుడు రెండు పనులు మిగులుతాయి. కర్టెన్ బ్యాగు ఉన్న పిల్లర్ ప్లాస్టిక్‌ను పట్టి ఉంచే క్లిప్పు చాలా కార్లలో ఒక్కసారికే పనికొచ్చేది. సాగిపోయిన పాతదాన్నే నొక్కి వదిలేస్తే బ్యాగు విచ్చుకున్నప్పుడు ఆ ప్లాస్టిక్ ఊడి లోపలికి వస్తుంది గనుక కొత్తది వేయాలి. తలుపు చట్రం మీది రబ్బరు బీడింగ్ పెదవి మళ్లీ ప్లాస్టిక్ మీదికి సరిగా వచ్చిందో లేదో వేలితో పొడవునా తడిమి చూడాలి. ఒక్కచోట మెలిపడి లోపల చిక్కుకున్నా, హైవే వేగంలో గాలి అక్కడినుంచే ఈల వేస్తుంది, ఆ ఈలకు మైకు జానెడు దూరంలోనే ఉంటుంది.